గుంజిళ్ళు నాకు నేర్పిన పాఠం

(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్ల పండుగనాడు ప్రధానోపాధ్యాయిని లేచి నిలబడితే పాఠశాల చరిత్రను వినిపిస్తుందని మీరు ఎదురుచూడటం సహజం. కన్నడనాట, ఈ బెంగుళూరు మహానగరంలో, తెలుగు మాధ్యమంలో ఒక బడిని ఇన్నేళ్ళు నిలబెట్టిన మహనీయుల కథను నాకంటె పెద్దలు, నాకంటె బాగా ఎరిగినవారు ఈ సంచికలోనే వ్రాశారు. వారు వ్రాసిన తరువాత నేను చెప్పేది చర్వితచర్వణమే అవుతుంది. అదీగాక ఉత్సవ సంఘంవారు నాకు అప్పగించిన విషయం వేరు. "అమ్మా, మీ బరువుల సంగతి చెప్పండి. పిల్లలు అదే వినాలంటున్నారు" అన్నారు.

కనుక దాపరికం లేకుండా మొదటనే చెప్పివేస్తాను. గత సంవత్సరం, నా యాభై ఆరవ ఏట, ఈ నగరంలో జరిగిన ఒక పవర్‌లిఫ్టింగ్ పోటీలో నేను పాల్గొన్నాను. నా వయోవర్గంలో, నా శరీర బరువు తరగతిలో మూడవ స్థానం వచ్చింది. చప్పట్లకు తొందరపడకండి. ఆ తరగతిలో పోటీ చేసినవారం మొత్తం ముగ్గురమే.

ఆ మూడవ స్థానాన్ని గురించి చెప్పడానికి నేను నిలబడలేదు. ఆ వేదిక ఎక్కడానికి ముందు చాలాకాలంగా నా కుడి మోకాలు నాకు ఏదో చెబుతూ వచ్చింది. కొన్నాళ్ళు విన్నాను. కొన్నాళ్ళు వినకుండా చెవులు మూసుకున్నాను. అలా మూసుకున్నందువల్ల నష్టపోయినది నేనొక్కదాననే కాదు, ఈ బడిలోని ఒక బిడ్డ కూడా. ఆ సంగతి మీ అందరి ముందు చెప్పుకోవాలనే ఈ అవకాశాన్ని అంగీకరించాను.

ముప్పది ఏండ్లకు పైగా నిలబడి పాఠం చెప్పిన కాళ్ళివి. ఆరేళ్ళ క్రితం మొదటిసారి మేడ మెట్లు దిగుతుండగా కుడి మోకాలు కలుక్కుమన్నది. దానిని పట్టించుకోలేదు. తరువాత నేలమీద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. మధ్యాహ్న భోజన వేళ పిల్లల పంక్తిలో కూర్చోవడం నాకు అలవాటు. ఆ అలవాటు మానుకొని కుర్చీ తెప్పించుకున్నాను. మరికొన్నాళ్ళకు మేడమీది తరగతులకు వెళ్ళడం తగ్గించి, పని ఉన్నప్పుడు పిల్లలనే క్రిందికి పిలిపించుకోసాగాను. ఒకనాడు నాలుగవ తరగతి పిల్లవాడొకడు నా గదిలోకి వచ్చి, "మేడం, మీరు మా క్లాసుకి ఎప్పుడూ రారేం? మామీద కోపమా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పలేక ఆ వారమే వైద్యుని వద్దకు వెళ్ళాను.

ఎక్స్‌రే తీశారు. మన ఇళ్ళలో "గుజ్జు అరిగిపోయింది" అంటామే, ఆ అరుగుదల తొలి దశలో ఉన్నదన్నారు. "అయితే ఇకమీదట విశ్రాంతిగా ఉండాలా?" అని అడిగాను. ఒక విధంగా ఆ మాట వారి నోట వినాలనే వెళ్ళాను. వారు నవ్వి, "విశ్రాంతి ఇప్పటికే ఎక్కువైంది. మీ తొడ కండరాలు బలహీనపడ్డాయి. అవి మోయవలసిన భారాన్ని కూడా మీ కీలు మోస్తున్నది" అన్నారు.

పిల్లలారా, ఈ శాస్త్ర విషయాన్ని కొంచెం శ్రద్ధగా వినండి. కీలు దగ్గర ఎముకల చివరలను నున్నని మృదులాస్థి కప్పి ఉంచుతుంది. దానికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు. కీలులో ఉండే చిక్కని ద్రవమే దానికి ఆహారం. భారం పడినప్పుడు స్పంజిని పిండినట్లు ఆ ద్రవం బయటికి వస్తుంది, భారం తొలగినప్పుడు తిరిగి లోనికి ఇంకుతుంది. అంటే కదలికయే కీలుకు అన్నం. 1892లో జూలియస్ వోల్ఫ్ అనే జర్మన్ శస్త్రవైద్యుడు, ఎముక తనపై పడే భారానికి తగినట్లుగా తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని ఒక గ్రంథంలో వివరించాడు. కండరాల సంగతి చెప్పనే అక్కరలేదు. పని చెబితే పెరుగుతాయి, చెప్పకపోతే కరుగుతాయి. నడివయసు దాటిన స్త్రీలలో ఎముక పటుత్వం త్వరగా తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాలలో పెద్దలు వారానికి కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం చేయాలని చెప్పింది. నడక మంచిదే, కాని నడక ఒక్కటే చాలదు.

వైద్యులు నన్ను ఫిజియోథెరపిస్టు వద్దకు పంపారు. మా అమ్మాయి ఈడు పిల్ల. ఒక కుర్చీ చూపించి, "చేతులు ఆనించకుండా పదిసార్లు కూర్చుని లేవండమ్మా" అన్నది. నాలుగుసార్లు లేచాను. అయిదవసారి లేవలేక కుర్చీలోనే కూలబడ్డాను. అప్పుడు నాకు తోచింది, ఇవి గుంజిళ్ళు కదా అని!

వినాయక చవితినాడు చెవులు పట్టుకొని స్వామి ఎదుట మనం తీసేవి గుంజిళ్ళు. మా చిన్ననాట మా నాయనమ్మ డెబ్బది ఏండ్ల వయసులో కూడా తీసేది. భక్తితో చేసినప్పుడు అవి దండం. కాని బడిలో వాటిని మేము శిక్షగా మార్చాము. ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో ఎక్కం తప్పినందుకు, ఆలస్యంగా వచ్చినందుకు నేనే ఎందరిచేతనో గుంజిళ్ళు తీయించాను. వారిలో కొందరు ఈ సభలో ముందు వరుసలో కూర్చుని ముసిముసిగా నవ్వుతున్నారు, నాకు కనబడుతూనే ఉన్నది. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం పదునేడవ సెక్షను పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని నిషేధించింది. చట్టం రాకముందే మాకు ఆ బుద్ధి పుట్టవలసింది. మంచి వ్యాయామాన్ని శిక్షగా వాడితే పిల్లలకు శిక్ష మీదనే కాదు, వ్యాయామం మీద కూడా ఏవగింపు కలుగుతుంది. ఆ కుర్చీలో కూలబడిన నాడు, ఒకప్పుడు ఇతరులకు విధించిన గుంజిళ్ళను అయిదింటిని నేను తీయలేకపోయానన్న సిగ్గు నన్ను వెంటాడింది.

ఆరు నెలలలో కుర్చీ నుంచి పీటకు దిగాను. పీటమీది నుంచి లేవగలిగిన నాడు నా సంతోషం మీకు చెప్పలేను. ఆ తరువాత మన పూర్వ విద్యార్థి ఒకడు నడుపుతున్న జిమ్‌కు వెళ్ళాను. నన్ను చూడగానే కుర్చీ వేసి కూర్చోబెట్టి, వచ్చిన పని విని, "టీచరుగారూ, ఆరవ తరగతిలో మీరు నాచేత తీయించిన గుంజిళ్ళన్నీ వడ్డీతో సహా వసూలు చేసుకుంటాను" అన్నాడు. అన్నంత పనీ చేశాడు.

పవర్‌లిఫ్టింగ్ అన్న మాట కొందరికి కొత్త కావచ్చు. ఒలింపిక్ క్రీడలలో మనం చూసే వెయిట్‌లిఫ్టింగ్ వేరు, ఇది వేరు. అందులో బరువును తలపైకి ఎత్తి నిలపాలి. ఇందులో మూడు అంశాలు. భుజాలమీద కడ్డీ ఉంచుకొని, తుంటి మోకాలి కంటె దిగువకు వచ్చేటంతగా కూర్చుని లేవడం స్క్వాట్. బల్లమీద వెల్లకిల పడుకొని కడ్డీని రొమ్ము వరకు దించి పైకి నెట్టడం బెంచ్ ప్రెస్. నేలమీది బరువును పట్టుకొని నిటారుగా నిలబడటం డెడ్‌లిఫ్ట్. మన ఆడవారి భాషలో చెప్పాలంటే మొదటిది బరువుతో గుంజిలి, చివరిది బియ్యం మూట ఎత్తడం. కడ్డీ ఒక్కటే ఇరవై కిలోలు ఉంటుంది. దాని అంతర్జాతీయ సమాఖ్య 1972లో ఏర్పడింది. నలభై ఏళ్ళు దాటినవారికి పదేళ్ళకొక వయోవర్గం చొప్పున పోటీలు ఉన్నాయి. డెబ్బది దాటినవారికి కూడా ఒక వర్గం ఉన్నదని తెలిసినప్పుడు నా వయసు నాకు చిన్నదిగా తోచింది.

బలసాధన మన జాతికి కొత్తది కాదు. ఉత్తరాంధ్ర పల్లెలలో సంగిడి రాళ్ళు ఎత్తే పోటీలు నడిచేవి. ఆ శ్రీకాకుళం సీమలోనే వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తి నాయుడుగారు కలియుగ భీముడని పేరొందారు. మన బెంగుళూరులో ప్రొఫెసర్ కె.వి. అయ్యర్‌గారు గత శతాబ్ది పూర్వార్ధంలోనే వ్యాయామశాల నెలకొల్పి, దేహదారుఢ్య శాస్త్రాన్ని గ్రంథస్థం చేశారు. అయితే ఈ కథలన్నీ మగవారివి. ఇంట్లో నీళ్ళ బిందెలు, రుబ్బురోళ్ళు, గ్యాసు సిలిండర్లు మోసిన ఆడవారి బలాన్ని ఎవరూ తూకం వేయలేదు.

ఆ తూకం వేసి చూపిన తెలుగింటి ఆడపడుచు కరణం మల్లీశ్వరి. ఆమెది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతంలోని ఊసవానిపేట. తొలి గురువు నీలంశెట్టి అప్పన్నగారు. 1990లో జాతీయ శిబిరానికి ఎంపికైన అక్కగారి వెంట వెళ్ళిన ఆ బాలికలోని ప్రతిభను గుర్తించినవాడు లియోనిద్ తారానెంకో అనే మేటి క్రీడాకారుడు. అటుపైన ఆమె శిక్షణకు వచ్చింది మన బెంగుళూరుకే. 1994, 1995 సంవత్సరాలలో ప్రపంచ విజేతగా నిలిచింది. ఒలింపిక్ క్రీడలలో మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు తొలిసారి చోటు దొరికినది 2000వ సంవత్సరంలో, సిడ్నీలో. ఆ తొలిసారియే సెప్టెంబరు 19న 110, 130, వెరసి 240 కిలోలు ఎత్తి కంచు పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ మన తెలుగు బిడ్డ. ఆ సంవత్సరమే, ఆ సిడ్నీ నగరంలోనే, పారాలింపిక్ క్రీడలలో మహిళల పవర్‌లిఫ్టింగ్ కూడా మొదలైంది.

ఆ రాత్రి వార్తలు చూసిన యువ ఉపాధ్యాయినులలో నేనూ ఒకదానిని. పావు శతాబ్దం తరువాత నేను కడ్డీ పట్టుకుంటానని అప్పుడు కలలో కూడా అనుకోలేదు.

ఇక నా తప్పు సంగతికి వస్తాను.

నాలుగు నెలలలో నగరంలో పోటీ ఉన్నదని మా శిక్షకుడు చెప్పాడు. పాల్గొంటానని మాట ఇచ్చాను. ఆ మాట బడిలో ఎలా పొక్కిందో పొక్కింది. పిల్లలకు పండుగ అయింది. ప్రార్థన సమయంలో నేటి సూక్తి వ్రాసే నల్లబల్లమీద, సూక్తి క్రింద, ఆ వారం నేను ఎత్తిన బరువును సుద్దముక్కతో వ్రాయసాగారు. అంకె పెరిగిన వారం చప్పట్లు. ఎన్నో ఏళ్ళు పిల్లల మార్కులు బల్లమీద వ్రాయించిన నాకు, బల్లమీద తన అంకె చూసుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. అంకె పెరగకపోతే పిల్లలు చిన్నబుచ్చుకుంటారని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి చిన్నబుచ్చుకునేది నేనే.

రెండున్నర కిలోలు పెంచవలసిన చోట అయిదు కిలోలు పెంచాను. మోకాలు సణిగింది. జిమ్‌కు వెళ్ళే ముందు ఒక నొప్పి మాత్ర వేసుకోవడం మొదలుపెట్టాను. వైద్యులకు చెప్పలేదు, శిక్షకునికి చెప్పలేదు, ఇంట్లో మావారికి కూడా చెప్పలేదు. మాత్ర నొప్పిని తగ్గిస్తుంది గాని భారాన్ని తగ్గించదు కదా! మోకాలు వాచింది. చీరకట్టు పుణ్యమా అని ఎవరికీ కనబడలేదు. మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగేదానిని. ఎవరైనా ఎదురైతే నోటీసు బోర్డు చదువుతున్నట్లు నటించి, చిరునవ్వు నవ్వి, వారు దాటిపోయాక మరొక మెట్టు ఎక్కేదానిని.

ఆ రోజులలోనే మన తొమ్మిదవ తరగతి అమ్మాయి ఒకతె ఖోఖో అభ్యాసంలో పడిపోయింది. జట్టులో అందరికంటె వేగంగా పరుగెత్తే పిల్ల. చీలమండ దగ్గర స్నాయువు దెబ్బతిన్నదనీ, ఆరు వారాలు ఆడరాదనీ వైద్యులు చెప్పారు. ఆ ఏటి పోటీలు పదిహేను రోజులలో ఉన్నాయి. విచారిస్తే తెలిసినదేమంటే, ఆ కాలు అంతకు నెల రోజుల ముందు నుంచీ నొప్పిగానే ఉన్నదట. గుడ్డ చుట్టుకొని, పైన మేజోడు వేసుకొని ఆడుతున్నదట.

వాళ్ళ ఇంటికి వెళ్ళాను. మంచంమీద కాలు చాపుకొని కూర్చున్న ఆ పిల్లను, "ఒక్క మాట చెప్పకూడదా అమ్మా? నీ మేలు కోరేవాళ్ళమే కదా అందరం" అని మందలించాను. ఆ పిల్ల తలవంచుకొని చాలాసేపు ఊరుకున్నది. తరువాత మెల్లగా అన్నది:

"మీరు కూడా మెట్లమీద ఆగిపోయి, ఎవరైనా వస్తే నవ్వుతారు కదా మేడం. నేను చూశాను."

నా ఉద్యోగ జీవితంలో ఎన్నో తనిఖీలు ఎదుర్కొన్నాను. ఇంతటి తనిఖీ మరొకటి లేదు. నేను నోటితో చెప్పిన పాఠాలను పిల్లలు మరచిపోవచ్చు. మెట్లమీద చెప్పిన పాఠాన్ని మాత్రం ఆ పిల్ల చక్కగా నేర్చుకున్నది.

మరునాడు ప్రార్థన సమయంలో నల్లబల్లమీది అంకెను నా చేతులతో తుడిచివేశాను. మోకాలు వాచిన సంగతి, మాత్రల సంగతి, దాచిన సంగతి పిల్లలందరికీ చెప్పాను. ప్రధానోపాధ్యాయిని అలా చెప్పుకోవడం కొందరు సహోపాధ్యాయులకు రుచించలేదు. మర్యాద తగ్గుతుందన్నారు. తగ్గిందో పెరిగిందో నాకు తెలియదు గాని, ఆ వారంలో పదకొండుమంది పిల్లలు వచ్చి తమ తమ నొప్పులు చెప్పుకున్నారు. ఒకడికి పంటినొప్పి, ఒకతెకు నల్లబల్లమీది అక్షరాలు చూస్తే తలనొప్పి. ఆమెకు అద్దాలు కావలసి వచ్చాయి. రెండేళ్ళుగా ఆ పిల్లకు లెక్కలు రావని మేము అనుకుంటూ వచ్చాము.

మూడు వారాలు మోకాలిమీద బరువు పెట్టలేదు. ఫిజియోథెరపిస్టు, శిక్షకుడు ఇద్దరూ కలిసి కొత్త పద్ధతి ఏర్పరచారు. ఒక నోటు పుస్తకం కొన్నాను. ప్రతి అభ్యాసానికి మూడు అంకెలు వ్రాయాలి. నొప్పికి సున్నా నుంచి పది వరకు మార్కులు వేస్తే, ఎత్తుతున్నప్పుడు ఎంత, ఆ రాత్రి ఎంత, మరునాటి ఉదయం ఎంత? మూడు లోపు ఉండి మరునాటికి సర్దుకుంటే ముందుకు సాగవచ్చు. నాలుగు అయిదులకు వస్తే బరువు తగ్గించాలి, లేదా అంత లోతుకు దిగకుండా పీట ఎత్తు పెంచుకోవాలి. మరునాటికి కూడా తగ్గకపోయినా, వాపు వచ్చినా ఆనాటికి ఆపివేయాలి. కీలు పట్టివేసినా, కాలు నిలవలేక మడతపడినా, జ్వరంతో కూడిన వాపు కనిపించినా పుస్తకం మూసి వైద్యుని వద్దకు వెళ్ళాలి. ఇవి నా మోకాలికి, నన్ను పరీక్షించినవారు పెట్టిన హద్దులు. మీ మీ కీళ్ళకు హద్దులు మీ వైద్యులే పెట్టాలి.

ఆ పుస్తకం వ్రాయడం మొదలుపెట్టాక నాకు తెలిసివచ్చినది ఒకటున్నది. నొప్పికి లొంగిపోయి కుర్చీ తెప్పించుకున్న నాడు నేను నొప్పిని శత్రువనుకున్నాను. మాత్ర వేసుకొని బరువు పెంచిన నాడు కూడా శత్రువనే అనుకున్నాను. మొదటిసారి పారిపోయాను, రెండవసారి నోరు నొక్కాను. రెండుసార్లూ అది చెప్పేది వినలేదు. వ్రాసుకుంటే, అది చెప్పేది ఎక్కువగా "ఆపు" అని కాదు, "మెల్లగా" అని.

ఈ నిగ్రహం మహా క్రీడాకారులకు కూడా తప్పలేదు. మణిపురానికి చెందిన మీరాబాయి చాను 2016 రియో ఒలింపిక్ క్రీడలలో రెండవ అంశంలో మూడు ప్రయత్నాలూ విఫలమై జాబితాలో స్థానమే లేక వెనుదిరిగింది. మరుసటి ఏడే ప్రపంచ విజేత అయింది. 2018లో నడుము నొప్పి వల్ల ఆసియా క్రీడల నుంచి తప్పుకున్నది. దేశం యావత్తూ పతకం ఆశిస్తున్నప్పుడు "ఇప్పుడు నావల్ల కాదు" అనడం ఎంత కష్టమో ఆలోచించండి. 2020లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరానికి వెళ్ళి, నడుము, భుజాల ఇబ్బందులకు మూలం వెదికి, వ్యాయామ చికిత్సతో సరిదిద్దుకున్నది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో 202 కిలోలు ఎత్తి వెండి పతకం తెచ్చింది. నాడు తప్పుకోవడం ఓటమి కాదని ఆ వెండి పతకమే సాక్ష్యం చెబుతుంది.

ఇక పోటీనాటి ముచ్చట.

ముప్పది ఏండ్లు చీరలో తప్ప నలుగురిలోకి రాని నేను, నియమం ప్రకారం ఒంటికి అంటుకునే పోటీ దుస్తులతో వేదిక ఎక్కవలసి వచ్చింది. బరువుల కంటె ఆ దుస్తుల భారమే ముందు ఎక్కువగా తోచింది. ఖోఖో అమ్మాయి తల్లితో సహా వచ్చి ముందు వరుసలో కూర్చున్నది. నా నోటు పుస్తకం దాని చేతిలోనే పెట్టాను.

ఈ క్రీడలో ఒక నియమం ఉపాధ్యాయులందరూ తెలుసుకోదగినది. ప్రతి అంశంలో మూడు ప్రయత్నాలు ఉంటాయి. ఒకసారి ఎత్తడానికి దిగిన తరువాత బరువును పెంచవచ్చు, విఫలమైతే అదే బరువును మళ్ళీ ప్రయత్నించవచ్చు, తగ్గించడానికి మాత్రం వీలులేదు. మూడూ తప్పితే పోటీ నుంచే బయటకు. అందుచేత తొలి బరువు మన గొప్పను చూపేది కాకూడదు. ఒంట్లో బాగులేని రోజున కూడా ఎత్తగలిగినది కావాలి. ప్రశ్నపత్రంలో మొదటి ప్రశ్న పిల్లవాడికి ధైర్యమిచ్చేదిగా ఉండాలని శిక్షణ కళాశాలలో మాకు చెప్పారు. అదే సూత్రం ఇక్కడా ఉన్నది.

స్క్వాట్‌కు నా తొలి బరువు 50 కిలోలని ముందు వ్రాసి ఇచ్చాను. సన్నాహంలో మోకాలు నాలుగు పలికింది. పోటీ ఆరంభానికి కొద్ది నిమిషాల ముందు వరకు తొలి బరువును ఒకసారి మార్చుకోవచ్చు. 45కు తగ్గించాను. ముగ్గురు న్యాయనిర్ణేతలూ తెల్ల దీపాలు వెలిగించారు. రెండవసారి 50. రెండు తెలుపు, ఒకటి ఎరుపు, చాలును. మూడవ ప్రయత్నానికి 55 అభ్యాసంలో ఎత్తిన బరువే. తక్కిన ఇద్దరూ నాకంటె ఎంతో ముందున్నారు. నా బరువు చెప్పడానికి నాకున్న వ్యవధి ఒక్క నిమిషం. కంచె దగ్గరకు వచ్చాను. అమ్మాయి పుస్తకం తెరచి, పెన్ను పట్టుకొని, "ఎంత మేడం?" అన్నది.

ఆ ఒక్క క్షణం "రెండు" అని చెప్పాలనిపించింది. దేవుడి మీద ప్రమాణం, అనిపించింది.

"అయిదు" అన్నాను.

ఆ పిల్ల వ్రాసుకున్నది. తల ఎత్తి, "అయితే మూడోది వద్దు మేడం" అన్నది. సరే అన్నాను. మూడవ ప్రయత్నం వదులుకున్నాను.

బెంచ్ ప్రెస్‌లో 27.5 కిలోలు దక్కింది, 30 తప్పింది. డెడ్‌లిఫ్ట్‌లో మోకాలు అంతగా వంగనక్కరలేదు. అది నాకు చల్లగా కలిసివచ్చింది. 77.5 కిలోలు, అంటే మూడు బియ్యం మూటలకు పైమాట, నేలనుంచి లేపి నిలబడ్డాను. వెరసి 155 కిలోలు. ముగ్గురిలో మూడవ స్థానం. మరునాడు ఉదయం మోకాలికి రెండు మార్కులు. ఆ సోమవారం మేడ మెట్లు ఎక్కి నాలుగవ తరగతికి వెళ్ళాను. నామీద అలిగిన పిల్లవాడు అప్పటికి పై తరగతులకు వెళ్ళిపోయాడు. వాడి గదికీ వెళ్ళివచ్చాను.

సిడ్నీలో మల్లీశ్వరి తన చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకు సాహసించింది. అది నిలిచి ఉంటే బంగారు పతకం. నిలువలేదు. పతకం ఖాయమైన తరువాత ఇంకా పైకి చేయి చాచడం వీరలక్షణం, ఆ వయసుకు, ఆ వేదికకు అది తగినది. మోకాలు అయిదు పలికినప్పుడు చాచిన చేయి ముడుచుకోవడానికి కూడా ధైర్యం కావాలని నా చిన్న వేదికమీద నాకు తెలిసింది. ఏది ఎప్పుడు అన్న వివేకమే చదువు.

ఖోఖో అమ్మాయి ఆరు వారాలు ఆగింది, ఆపైన మరో నెల మెల్లగా పరుగెత్తింది. ఈ సంవత్సరం మళ్ళీ జట్టులో ఉన్నది. మన వ్యాయామోపాధ్యాయులవారి బల్లమీద ఇప్పుడు ఒక పుస్తకం ఉంటుంది. ఆటకు ముందు ఎవరికి ఎక్కడ నొప్పి ఉన్నా అందులో వ్రాయవచ్చు. వ్రాసినందుకు ఎవరినీ జట్టునుంచి శాశ్వతంగా తొలగించరాదని నియమం పెట్టుకున్నాము. ఆ నియమం లేకపోతే ఆ పుస్తకంలో ఒక్క అక్షరం కూడా పడదు.

చివరగా ఒక మనవి. ఈ సభలో నాచేత గుంజిళ్ళు తీయించుకున్నవారు ఉన్నారు. ఆనాడు మీకు నొప్పి కలిగిందా అని నేను అడగలేదు. ఇన్నేళ్ళ తరువాత, ఈ పండుగనాడు, మీ పిల్లల ఎదుట, నన్ను మన్నించమని కోరుతున్నాను. ప్రతి శనివారం ఉదయం ఏడు గంటలకు మన ఆటస్థలంలో నేను, నా సహోపాధ్యాయినులు కొందరు, కొందరు పిల్లల తల్లులు కలిసి గుంజిళ్ళు తీస్తున్నాము. మీకూ ఆహ్వానం. చెవులు పట్టుకోనక్కరలేదు. పీటలు మేమే వేస్తాము. ఎన్ని తీయాలో నేను చెప్పను. మీ మోకాళ్ళను అడిగి, అవి చెప్పినన్ని తీయండి.

ఈ బడి మరెన్నో ఏండ్లు తన కాళ్ళమీద తాను నిలవాలని ఆకాంక్షిస్తున్నాను.